ఎండలో పని చేయించేవాళ్ళకు: వడదెబ్బ తగలకుండా పని నడిపించడం ఎలా?

ఎండాకాలం వచ్చిందంటే అందరికీ ఒకటే సలహా వినిపిస్తుంది: పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు. ఇంట్లో ఉండగలిగినవాళ్ళకు అది మంచి సలహాయే. చీమకుర్తి క్వారీలో డ్రిల్లు పట్టుకున్నవాడికి, ఇస్కపల్లి మడుల్లో ఉప్పు తీసే మనిషికి, వేసవిలో వేసే ఎడగారు వరి నాట్లకు వంగిన ఆడవాళ్ళకు, పొదలకూరు తోటల్లో నిమ్మకాయలు కోసేవాళ్ళకు ఆ మాట ఎందుకూ పనికిరాదు. ఎన్నింటికి రావాలో, ఎప్పుడు ఆగాలో, ఎంత పని అయితే కూలి చేతికొస్తుందో వాళ్ళ చేతిలో లేదు. అది రైతు చేతిలో, మేస్త్రి చేతిలో, కాంట్రాక్టరు చేతిలో, క్వారీ సూపర్‌వైజరు చేతిలో ఉంది. అందుకే ఇది కూలీలకు జాగ్రత్తలు చెప్పే వ్యాసం కాదు. పని పురమాయించే మీకోసం రాస్తున్నది.

2015 మే నెలాఖరులో వీచిన వడగాడ్పులకు మన ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. వడదెబ్బ చావుల్లో చాలావరకు ఆపగలిగినవే. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. కానీ పని మొదలయ్యాక ఆలోచిస్తే కుదరదు, ముందే ఏర్పాటు ఉండాలి.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా అంతా సులువుగా అర్థమవుతుంది. ఎండలో పనిచేసే మనిషికి వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి పైనుంచి వచ్చే ఎండ. రెండోది ఒంట్లోనే పుట్టే వేడి. గడ్డపార వేసినా, మూట మోసినా కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పాతిక భాగానికి పైగా వేడిగానే మారుతుంది. ఎండను మనం తగ్గించలేం. పని వేగాన్ని తగ్గించగలం, పని వేళను మార్చగలం. మీ చేతిలో ఉన్న అసలు మందు ఇదే. గొడుగులూ టోపీలూ దాని తర్వాతే.

మొదట మీ ఊరి ఎండ ఎలాంటిదో తెలుసుకోండి

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఎండ ఒక్క రకం కాదు. అల్లూరు, కావలి, కొత్తపట్నం వైపు సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ. ఒళ్ళంతా చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. కాబట్టి తీరంలో 37, 38 డిగ్రీలు చూసి పర్లేదులే అనుకోవద్దు. వాతావరణ శాఖ కూడా మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటితే వడగాలి లెక్క చూస్తుంది గానీ, తీరప్రాంతానికి 37 నుంచే చూస్తుంది. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే అది వడగాలే.

ఉదయగిరి, కనిగిరి, పొదిలి, మార్కాపురం మెట్టల్లో గాలి పొడి. 44 డిగ్రీల్లో కూడా చొక్కా తడవదు, పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతుంది. ‘నాకు చెమటే పట్టదు’ అని గొప్పగా చెప్పుకునే మనిషి ఒంట్లోంచి కూడా లీటర్ల కొద్దీ నీళ్ళు పోతూనే ఉంటాయి. తీరంలో ముఖ్యంగా చూసుకోవాల్సింది గాలి తగలడం, పని వేగం తగ్గించడం. మెట్టలో ముఖ్యం నీళ్ళు, తడిగుడ్డ. రెండు చోట్లా ఒకే చీటీ పట్టుకుని జాగ్రత్తలు తీసుకుంటే సగమే పనిచేస్తుంది.

టీవీలో ఒంగోలు 43 అని చెప్పారంటే అది నీడలో, గాలి ఆడే తెల్లపెట్టెలో పెట్టి కొలిచిన లెక్క. నడినెత్తిన ఎండ పడేచోట ఒంటికి తెలిసే వేడి దానికంటే ఎనిమిది డిగ్రీల దాకా ఎక్కువుండొచ్చు. ఇక చీమకుర్తిలో నల్ల గ్రానైటు సంగతి వేరే చెప్పాలా? నల్లరాయి ఎండను తాగేసి తిరిగి మనిషి మీదికే కొడుతుంది. లోతు క్వారీ గుంతలో నాలుగు వైపులా రాతిగోడలు, అడుగున గాలే ఆడదు. పైన ఆఫీసు దగ్గర ఫ్యాను కింద కూర్చున్న సూపర్‌వైజరుకు కింద ఎంత వేడిగా ఉందో తెలియదు. పొద్దున ఒకసారి, పదిన్నరకు ఒకసారి కిందికి దిగి పదినిమిషాలు నిలబడితే తెలుస్తుంది. ఏ యాప్ కంటే అది నమ్మకమైన కొలత.

గాలి దిక్కు చూడడం మనవాళ్ళకు కొత్త కాదు. తీరం వెంట వేసవిలో మధ్యాహ్నం వేళకు గాలి మళ్ళి తూర్పు నుంచి, సముద్రం మీద నుంచి వీస్తుంది, కాస్త ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు ఈ సముద్రపు గాలి లోపలికి రాలేదు. పైగా నల్లమల, వెలిగొండల మీదుగా వచ్చే ఆ గాలి కొండలు దిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. నెల్లూరు, ఒంగోలు మండిపోయేది ఆ రోజుల్లోనే. బంగాళాఖాతంలో తుఫాను పుట్టి మనల్ని దాటి ఉత్తరానికి సాగిపోతే కూడా ఇదే జరుగుతుంది: రెండురోజుల మబ్బు తర్వాత ఒక్కసారిగా పడమటి గాలి విరుచుకుపడుతుంది. మధ్యాహ్నం కావస్తున్నా గాలి పడమట నుంచే వీస్తుంటే ఆ రోజు పని అక్కడితో ఆపేయండి. సాయంత్రం చూసుకోవచ్చు.

రేపటి పని ఇవాళ సాయంత్రమే తేల్చండి

రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ వేసవిలో మర్నాడు ఏ మండలంలో వడగాలి, ఏ మండలంలో తీవ్ర వడగాలి ఉంటుందో ముందురోజే జాబితా విడుదల చేస్తుంది. సాయంత్రం దాన్ని చూసి, మీ మండలం పేరుంటే అప్పుడే ముఠా మేస్త్రికి ఫోన్ చేసి వేళ మార్చండి. తెల్లారి మనుషులు వచ్చేశాక, ఆటో కిరాయి ఇచ్చేశాక ఎవరికీ ఆపబుద్ధి కాదు. తప్పుడు నిర్ణయాలు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి.

మే నెలలో మన దగ్గర ఐదున్నరకల్లా వెలుతురు వస్తుంది. ఐదున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు బరువు పని ఆపేస్తే ఐదు గంటల పని అవుతుంది. కావాలంటే సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటిపడేదాకా మరో రెండు గంటలు చేయించవచ్చు. కాంక్రీటు పోయడం, రాళ్ళెత్తడం, మూటలు మోయడం లాంటివి పొద్దున తొలిగంటల్లోనే పెట్టండి. లెక్కలు, పనిముట్లు సరిచేయడం, కాయలు ఏరడం లాంటివి ఎండెక్కాక నీడలో పెట్టండి. రొయ్యల పట్టుబడి ఎలాగూ చాలాచోట్ల రాత్రిపూట చేస్తారు. దాన్ని తెల్లారాక లాగించొద్దు. చెరువు గట్టు మీద ఎండెక్కాక వలలు లాగిన మనుషులు తడిసి ఉంటారు కాబట్టి చల్లగానే ఉన్నారనుకుంటాం. ఆ తడి గాలిలో చెమట ఆరదు.

ఉపాధి హామీ పని జరిగేచోట కూడా మేట్లు ఇదే వేళ పాటించవచ్చు. కొలతలు తీసుకునేందుకు మధ్యాహ్నం దాకా జనాన్ని కూర్చోబెట్టడం మాత్రం మానాలి.

కొత్తగా వచ్చినవాళ్ళు: అసలు ప్రమాదం ఇక్కడే

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఎండకు చనిపోయే కూలీల్లో ఎక్కువమంది పనిలో చేరిన మొదటి కొద్దిరోజుల్లోనే పోతారు. ఆరుబయట పనుల్లో జరిగిన వడదెబ్బ చావుల్లో సగం నుంచి 70 శాతం దాకా మొదటి కొద్దిరోజుల్లోవేనని అమెరికా కార్మిక భద్రతా శాఖ లెక్క చెబుతుంది. ఎండలో పనికి ఒళ్ళు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ఒళ్ళు మెల్లగా కొత్త విద్య నేర్చుకుంటుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె తక్కువ కొట్టుకుంటూనే అదే పని చేయగలుగుతుంది. ఇది ధైర్యం వల్ల రాదు, కండబలం వల్ల రాదు. పాతికేళ్ళ కుర్రాడికైనా రోజులు గడిస్తేనే వస్తుంది.

పాటించాల్సిన లెక్క ఇది. పూర్తిగా కొత్త మనిషికి మొదటిరోజు మామూలు పనిలో ఐదో వంతే పెట్టండి. రోజుకు ఒక ఐదో వంతు చొప్పున పెంచుతూ ఐదోరోజుకు పూర్తి పనికి తీసుకురండి. పాత మనిషే, కానీ వారం పైగా మానేసి తిరిగి వచ్చాడనుకోండి: మొదటిరోజు సగం, రెండోరోజు 60 శాతం, మూడోరోజు 80 శాతం, నాలుగోరోజు పూర్తి పని. వారం మానేస్తే ఒళ్ళు ఆ అలవాటును చాలావరకు పోగొట్టుకుంటుంది.

ఈ ‘కొత్తవాళ్ళు’ ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. క్వారీల్లోకి ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి రైలు దిగి వచ్చినవాళ్ళు. పెళ్ళిళ్ళ కోసం సొంతూరు వెళ్ళి పది రోజుల తర్వాత తిరిగొచ్చినవాళ్ళు. జ్వరం నుంచి లేచినవాళ్ళు. వేసవి సెలవుల్లో నాన్నతో పాటు పనికొచ్చిన ఇంటర్ కుర్రాడు. ఏసీ షోరూమ్‌లో పని మానేసి డెలివరీ బండి ఎక్కినవాడు. రాత్రంతా బస్సులోనో రైల్లోనో నిద్రలేకుండా వచ్చి, ఒక్కరోజు కూలి కూడా పోగొట్టుకోవడం ఇష్టంలేక తెల్లారే పారపట్టే మనిషి అందరికంటే ప్రమాదంలో ఉంటాడు. ఆ ఒక్కరోజు అతనికి కూలి ఇచ్చి నీడలో కూర్చోబెట్టినా మీకు నష్టం లేదు.

మార్చి చివరి ఎండలను కూడా తేలిగ్గా తీసుకోకండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అందరికీ తెలుసు కాబట్టి అప్పటికి అందరూ జాగ్రత్తపడతారు. మొదటి వేడివారం వచ్చేసరికి మాత్రం అనుభవం ఉన్న కూలీ కూడా ఎండకు కొత్తవాడే. ఆ వారం ముఠా మొత్తానికీ పని తగ్గించండి.

కొత్తవాళ్ళకు ఒక పాతమనిషిని జతగా వేయండి. ఒడియా, హిందీ మాట్లాడే కూలీకి ఆ భాష తెలిసిన మనిషే జత అయితే మేలు. తల తిరుగుతోందని చెప్పుకోవడానికి మాట రాక ఊరుకున్నవాళ్ళుంటారు.

నీళ్ళ లెక్క

దాహం వేసేసరికే ఆలస్యమైనట్టు. పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒకసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు చొప్పున తాగాలి. ఇది గంటకు ముప్పావు నుంచి లీటరు. లెక్క వేయండి: ఇరవై మంది ముఠాకు గంటకు 20 లీటర్లు, అంటే గంటకు ఒక క్యాను. ఐదు గంటల పనికి తాగడానికే ఐదు క్యాన్లు కావాలి. ముఖం కడుక్కోవడానికి, తలగుడ్డ తడుపుకోవడానికి వేరే. చాలాచోట్ల ఇరవై మందికి రెండు క్యాన్లు పెట్టి, మేం నీళ్ళు పెట్టాం కదా అంటారు. అవి తొమ్మిదింటికే అయిపోతాయి.

గంటకు ఒకటిన్నర లీటరు మించి మాత్రం తాగనివ్వకండి. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్ళే గటగటా తాగితే రక్తంలో ఉప్పు పలచనై వేరే ప్రమాదం వస్తుంది. అందుకే మధ్యమధ్య ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసం, గంజి, రాగి అంబలి ఇవ్వండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పీహెచ్‌సీలోనూ ఆశా కార్యకర్తల దగ్గరా దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి వేయాలి. ఉప్పు బిళ్ళలు మింగించొద్దు.

నీళ్ళు పనిచేసే చేతికి అందాలి. వంద గజాల అవతల చెట్టుకింద క్యాను పెడితే ఎవరూ వెళ్ళరు. ముఠాలో ఒకరిని నీళ్ళ మనిషిగా పెట్టండి. పావుగంటకోసారి వరస వెంట తిరిగి గ్లాసు చేతికివ్వడమే అతని పని, దానికి మిగతావాళ్ళతో సమానంగా కూలి. కాస్త వయసు మళ్ళిన మనిషికి ఈ పని అప్పగిస్తే ఆ మనిషికీ ఎండ తగ్గుతుంది, ప్రతివాడి ముఖం పావుగంటకోసారి చూసే కళ్ళు కూడా దొరుకుతాయి. క్యానుకు గోనెసంచి చుట్టి తడుపుతూ ఉంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్ళు కాకుండా శుద్ధిచేసిన నీళ్ళే తెప్పించండి.

ఇక ఎవరూ మాట్లాడని విషయం. ఆడకూలీలు పనిలో నీళ్ళు తాగరు. తాగితే మరుగుకు వెళ్ళాలి, చుట్టూ ఎక్కడా చాటు ఉండదు. నాట్ల పొలంలో, రోడ్డు పనిలో, ఉప్పు మడుల్లో కనుచూపు మేర చెట్టు ఉండదు. పొద్దున ఇంటి దగ్గర తాగిన నీళ్ళతో ఒంటిగంట దాకా నెట్టుకొస్తారు. వడదెబ్బకు తోడు మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్ళు కూడా దాన్నుంచే వస్తాయి. నాలుగు కర్రలు పాతి పాత పరదా చుట్టినా చాలు, ఒక బకెట్ నీళ్ళు పెట్టండి. ఎన్ని క్యాన్లు తెప్పించినా ఆ చాటు లేనిదే ఆడవాళ్ళ గొంతు తడవదు.

మూత్రం రంగు చూసుకోమని అందరికీ చెప్పండి. నిమ్మరసంలా లేతగా ఉంటే సరే. ముదురు పసుపు, టీ డికాషన్ రంగు అయితే నీళ్ళు చాలా తక్కువయ్యాయని అర్థం.

నీడా, విశ్రాంతీ, కూలీ

విశ్రాంతికి కూలి కోత ఉంటే ఎవరూ విశ్రాంతి తీసుకోరు. రోజుకూలి పనిలో మేస్త్రి ఆపమంటే ఆగుతారు. గుత్త పనిలో ఆగరు. ఎకరాకు ఇంత, లారీకి ఇంత, వెయ్యి ఇటుకలకు ఇంత అని మాట్లాడుకున్నాక ప్రతి పదినిమిషాలూ వాళ్ళ జేబులోంచి పోతుంది. కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఇంకో నాలుగు తట్టలు మోసేద్దాం అనుకుంటారు. కాబట్టి వేసవి నెలల్లో గుత్త మాట్లాడేటప్పుడే విశ్రాంతి వేళ కలిపి రేటు పెంచండి, లేదా ఏప్రిల్, మే నెలలకు రోజుకూలికి మారండి. ఎంతమంది డాక్టర్లు చెప్పినా గుత్త లెక్క మారకపోతే కూలీ ఆగడు.

ఎంతసేపు ఆగాలంటే, మామూలు వేసవి రోజున గంటకు పది పదిహేను నిమిషాలు. వడగాలి హెచ్చరిక ఉన్నరోజు బరువు పనికి సగం పని, సగం విశ్రాంతి. అందరూ ఒకేసారి ఆగాలి. ఒక్కడే ఆగితే సోమరి అనిపించుకుంటాడు. నీడ కోసం షేడ్‌నెట్ కట్టండి, తాటాకు పందిరి వేయండి, ట్రాలీకి పరదా కట్టండి, ఏదైనా సరే నాలుగు వైపులా గాలి ఆడాలి. రేకు కింద గాలి లేకుండా కూర్చోవడం నీడ కాదు. లారీ కింద మాత్రం పడుకోనివ్వకండి.

బట్టల గురించి మన ఆడవాళ్ళకు చెప్పేదేమీ లేదు. చీరమీద మగవాళ్ళ పాత నూలు చొక్కా పొడుగు చేతులది వేసుకుని తలకు కొంగు చుట్టుకుంటారు, అది చాలా మంచి పద్ధతి. మగవాళ్ళే బనీను మీద, చొక్కా విప్పి పనిచేస్తారు. వదులైన నూలు చొక్కా, తడిపిన తుండుగుడ్డ ఉండాలి. హెల్మెట్ తప్పనిసరైన చోట లేతరంగుది ఇచ్చి కింద తడిగుడ్డ వేయించండి.

ఖాళీ కడుపుతో పని వద్దు. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకుని వచ్చినవాడు టీ, బీడీలతో వచ్చినవాడి కంటే చాలాసేపు నిలబడతాడు. రాత్రి మద్యం తాగి వచ్చిన మనిషిని ఆరోజు బరువు పనికి పెట్టొద్దు. బీపీకి నీరు పోయే మాత్రలు, మానసిక జబ్బుకు మందులు, జలుబుకు మాత్రలు వాడేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు త్వరగా దెబ్బతింటారు. పనిలో చేర్చుకునేటప్పుడే మెల్లగా అడిగి తెలుసుకోండి. అడిగిన పాపానికి పని పోతుందని భయపడితే ఎవరూ నిజం చెప్పరు, కాబట్టి తేలిక పని ఇస్తామని ముందే చెప్పి అడగండి. మందులు మాత్రం వాళ్ళంతట వాళ్ళు మానకూడదు.

రాత్రి కూడా పనిలో భాగమే

పగలు వేడెక్కిన ఒళ్ళు రాత్రి చల్లబడాలి. వలస కూలీలు పడుకునేది రేకుల షెడ్లలో. పదిమంది పట్టే గదిలో పాతికమంది, ఫ్యాను ఒకటి, కరెంటు పోతే అదీ లేదు. అర్ధరాత్రికి కూడా రేకు చల్లారదు. అలా రెండు మూడు రాత్రులు నిద్రలేకుండా పనికి వచ్చినవాడు నాలుగోరోజు పదింటికే పడిపోతాడు. రేకుల పైన సున్నం కొట్టించండి, లేదా తాటాకులో వరిగడ్డో పరిపించండి, వంటపొయ్యికి దూరంగా. ఆరుబయట పడుకునేందుకు మంచాలు, దోమతెరలు ఇవ్వండి. పొద్దున పనికి దించేముందు ‘రాత్రి నిద్రపట్టిందా?’ అని ఒక్కమాట అడగండి.

గుర్తుపట్టడం

చెమటకాయలు, పిక్కలు పట్టేయడం మొదటి హెచ్చరిక. తర్వాత తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, విపరీతమైన చెమట, నీరసం. ఈ దశలో మనిషికి తెలివి బాగానే ఉంటుంది. నీడకు తీసుకెళ్ళి, పడుకోబెట్టి, కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టి, బట్టలు వదులుచేసి, ఒళ్ళు తడిపి విసరాలి. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. అరగంటలో తేరుకోకపోయినా, వాంతులు ఆగకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తేరుకున్నా ఆ రోజుకు మళ్ళీ పని లేదు. పొగాకు ఆకు రెలిచేచోట (కోసేచోట) ఇంకో తికమక ఉంది: మంచుతడి ఆకు పట్టుకున్నవాళ్ళకు చర్మంలోంచి నికోటిన్ ఎక్కి ఇలాగే వాంతులు, తలతిరుగుడు వస్తాయి. ఏదో తేల్చుకునేదాకా ఎండదెబ్బగానే చూసుకోండి, చేతులు సబ్బుతో కడిగించండి.

అసలు వడదెబ్బకు ఒకటే గుర్తు: మాట, నడక, ప్రవర్తన మారుతాయి. అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతాడు. తట్ట ఎక్కడ పోయాలో మర్చిపోయి నిలబడిపోతాడు. ఊరికే కసురుకుంటాడు, తూలుతాడు. చూసినవాళ్ళు తాగాడేమో అనుకుని పక్కన పడుకోబెడతారు. ఆ పడుకోబెట్టిన గంటలోనే ప్రాణం పోతుంది. తూలుతున్న మనిషి కనిపిస్తే తాగాడనే అనుమానం పక్కనపెట్టి పేరు, ఊరు, పొద్దున ఏం తిన్నావని అడగండి. తడబడితే వడదెబ్బే అనుకుని మొదలుపెట్టండి. వడదెబ్బలో చెమట ఆగిపోతుందని, చర్మం పొడిగా ఉంటుందని విని ఉంటారు. కష్టం చేస్తూ పడిపోయినవాడికి చాలాసార్లు ఇంకా చెమట పడుతూనే ఉంటుంది. నుదురుమీద, చంకలో పెట్టే థర్మామీటర్ కూడా లోపలి వేడిని తక్కువ చూపిస్తుంది. అంకె కోసం ఆగకండి.

చల్లబరచండి, తర్వాతే తరలించండి

ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటాక మెదడు, కాలేయం, కిడ్నీలు ఒక్కొక్కటే దెబ్బతింటాయి. అరగంటలోపు వేడి దించగలిగితే చాలామంది బతుకుతారు. మన దగ్గర జరిగేదేమిటంటే ఆటోలో కుక్కి, ఎండలో ముప్పై కిలోమీటర్లు పరుగెత్తిస్తారు. ఆస్పత్రికి చేరేసరికి ఆ అరగంట రోడ్డుమీదే అయిపోతుంది.

అదృష్టం కొద్దీ దీనికి కావలసిన రెండు వస్తువులూ మన ఊళ్ళలో కొదవలేనివి. ధాన్యం, మిరపకాయలు ఆరబోసే టార్పాలిన్ పట్టా ప్రతి రైతు ఇంట్లో ఉంటుంది. రొయ్యల కోసం తీరం వెంట ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి. వడగాలి హెచ్చరిక ఉన్న రోజు పనిచోట ఒక పట్టా, థర్మాకోల్ పెట్టెలో ఐసు, రెండు బకెట్లు, నాలుగు తువ్వాళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సిద్ధంగా ఉంచండి. ఐసు కరిగిపోయినా నష్టం వందల్లోనే.

మనిషి పడిపోగానే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ‘వడదెబ్బ, తెలివి సరిగా లేదు, చల్లబరుస్తున్నాం’ అని చెప్పి, ఊరు, రోడ్డు, గుర్తుండే గుడో పెట్రోల్ బంకో చెప్పాలి. లోతట్టు పొలమైతే ఒక మనిషి బైకు మీద రోడ్డెక్కి అంబులెన్సుకు ఎదురువెళ్ళాలి.

అదే సమయంలో మిగతావాళ్ళు అతన్ని నీడకు మోసి, బూట్లు, చొక్కా తీసి, పరిచిన పట్టా మధ్యలో పడుకోబెట్టాలి. నలుగురైదుగురు పట్టా అంచులు పైకెత్తి పట్టుకుంటే తొట్టిలా అవుతుంది. అందులో రెండు మూడు బకెట్ల నీళ్ళు, ఐసు పోసి అంచులు అటూ ఇటూ ఊపుతూ నీళ్ళు ఒంటిమీద ఆడేలా చేయాలి. ఒక మనిషి తలవైపే కూర్చుని రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకోవాలి. ముక్కులోకి, నోట్లోకి నీళ్ళు పోకూడదు, ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. ఇలా పావుగంట చేయాలి. వణుకు పుట్టినా, సరిగ్గా మాట్లాడినా ఆపొచ్చు.

ఐసు లేదా? క్వారీలో దుమ్ము కోసం నీళ్ళు కొట్టే ట్యాంకరు ఉంటుంది, ఆ పైపు ఒంటిమీద పెట్టండి. పొలంలో బోరు ఉంది, కాలువ ఉంది. ఉప్పు మడుల దగ్గర ఉప్పునీళ్ళైనా పర్లేదు, చర్మం మీదికే కదా. ఒళ్ళంతా తడుపుతూ, పట్టాతోనో అట్టముక్కతోనో గట్టిగా విసురుతూ ఉండండి. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి మెడకు రెండువైపులా, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. వయసు మళ్ళినవాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఈ తడిపి విసిరే పద్ధతే నయం.

తెలివి సరిగా లేని మనిషికి నోట్లో ఏమీ పోయొద్దు. నీళ్ళు, మజ్జిగ, ఉల్లిపాయ రసం, ఏదైనా సరే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ వేయొద్దు. అది జ్వరానికి మందు, ఈ వేడికి పనిచేయదు, పైగా కాలేయానికి చెరుపు. ఫిట్స్ వస్తే నోట్లో చెంచాలు, తాళాలు పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అంబులెన్సు ఎక్కించాక కూడా తడిగుడ్డలు, విసరడం ఆగకూడదు. అంబులెన్సు ఆలస్యమైతే కిటికీలు తీసిన బండిలో, తడుపుతూనే తీసుకెళ్ళండి.

సీజన్ మొదట్లో ఒకసారి, పని ఆపిన పదినిమిషాల్లో, ముఠాలో ఒక కుర్రాణ్ణి పట్టామీద పడుకోబెట్టి ఇదంతా చేసి చూడండి. అంచులు ఎవరు పట్టాలి, తల ఎవరు పట్టాలి, ఫోన్ ఎవరు చేయాలి అనేది ముందే తెలిసిపోతుంది.

ఆ తర్వాత

ఆస్పత్రిలో చీటీ రాయించేటప్పుడు ఏ పని చేస్తుండగా, ఎన్నింటికి, ఎక్కడ పడిపోయాడో స్పష్టంగా రాయించండి. ‘జ్వరం’, ‘నీరసం’ అని రాసి వదిలేస్తే తర్వాత ఆ కుటుంబానికి రావలసిన పరిహారం దగ్గర చిక్కు వస్తుంది. చికిత్స అయ్యేదాకా రోజుకూలి ఇవ్వండి. కోలుకున్నట్టు కనిపించినా కిడ్నీ, కాలేయం పరీక్షలు చేయించి, డాక్టరు సరేనన్నాకే పనిలోకి తీసుకోండి. ఒకసారి వడదెబ్బ తిన్న మనిషికి రెండోసారి త్వరగా తగలవచ్చు. కాబట్టి అతన్ని పూర్తి కొత్తవాడి లెక్కలోనే పెట్టి మొదటిరోజు ఐదో వంతు పనితో, జతమనిషి తోడుతో మొదలుపెట్టండి. అదే రోజు మిగతా ముఠాను కూర్చోబెట్టి ఆ ఉదయం ఎన్నింటికి నీళ్ళు అయిపోయాయో, ఎవరు ముందు గమనించారో, ఎందుకు ఆపలేదో అడగండి. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి మర్నాటి వేళ మార్చండి.